పరువైన జబ్బు

వాచ్‌మన్ తెచ్చిన వేపమండలు ఇంకా వాడిపోనే లేదు, మరో మోపు తెమ్మని సీతారావమ్మ ఇంటర్‌కమ్‌లో కబురు పెట్టింది. పటమటలో రోడ్డు పక్కన బతికి బట్టకట్టిన వేపచెట్లు ఆ ఉదయం ఆమె భక్తికి బోడిగుండ్లయ్యాయి. గుమ్మానికి వేప, దిండు చుట్టూ వేప, టీవీ మీద వేప. చివరికి ఏసీ రెక్కల్లో కూడా ఒక రెమ్మ దోపించింది. ఆ ఏసీని పద్దెనిమిదిలో పెట్టారు. రోహిణి కార్తెలో తల్లి చల్లబడాలి కదా మరి.

మంచం మీద తొమ్మిదేళ్ల చిన్ని వణుకుతోంది. రాత్రి నుంచి జ్వరం. తెల్లవారేసరికి కాళ్ల మీదా పొట్ట మీదా ఊదా రంగు మచ్చలు తేలాయి. సీతారావమ్మ మనవరాలి గౌను ఎత్తి చూసి, రెండు చేతులూ జోడించి, "అమ్మవారు పోసింది" అంది. అంతే, ఇంట్లో తాలింపు ఆగిపోయింది. జ్వరం మందులు ఆగిపోయాయి. మర్నాడు జరగాల్సిన చిన్నకొడుకు కిరీటి తాంబూలాలు ఆగిపోయాయి. "మా ఇంటికి తల్లి వచ్చింది, ముహూర్తం మళ్లీ తెలియజేస్తాము" అని రత్తయ్య చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కాసేపటికి ఆ గ్రూపు నిండా దణ్ణాలే. పిల్లకి ఎలా ఉందని అడిగిన వాళ్లు ఒక్కరూ లేరు.

"అమ్మా, ఏసీ ఆపమ్మా" అంది చిన్ని.

సాయిశ్రీ రిమోట్ అందుకోబోయింది. అత్తగారు లాక్కుంది.

"వేడి చేస్తే తల్లి ఒప్పుకోదే. కాసేపు ఓర్చుకోమను."

"అత్తయ్యా, ఆస్పత్రికి తీసుకెళ్దాం. నా మాట వినండి."

"తల్లి ఇంట్లో ఉండగా ఆ మాటేంటే? నోరు కడుక్కో ముందు. సూది పడితే ఆవిడకి కోపమొచ్చి లోపలికి పోద్ది. అప్పుడు నువ్వు తెస్తావా పిల్లని?"

సీతారావమ్మ మూర్ఖురాలై ఈ మాట అందనుకుంటే పొరపాటు. పాత డిగ్రీ చదివిన మనిషి. మోకాలి చిప్పలు రెండూ మార్పించుకుంది. ఆవిడ భర్త రత్తయ్య కిందటి నెల పనసతొనలు మెక్కి ఛాతీ పట్టేసిందంటే, రెండు కార్లలో బయల్దేరి ఆస్పత్రి గుమ్మంలో దిగారు. అక్కడ తేనుపు వచ్చాక తిరిగొచ్చారు. ఆ రోజు ఏ తల్లికీ కోపం రాలేదు. ఈ ఇంట్లో దేవతలు మనిషిని చూసి వస్తారు.

అసలు సంగతి వేరు. అది ఆ ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. అందుకే అందరూ ఇంత గట్టిగా అమ్మవారిని నమ్ముతున్నారు.

సాయిశ్రీ ఆ ఇంటికి పరాయి కోడలు కాదు. సీతారావమ్మ సొంత తమ్ముడు రామకోటేశ్వరరావు పెద్ద కూతురు. తమ్ముడికి మగపిల్లల్లేరు. మంగళగిరి అవతల ఆరెకరాలున్నాయి. రాజధాని మాట బయటికి వచ్చిన ఏడాదే సీతారావమ్మకి మేనకోడలి మీద ప్రేమ పొంగింది. మన పిల్ల మనింటికే రావాలని తమ్ముడి ఇంట్లో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దకొడుకు చక్రికి సాయిశ్రీని చేసుకుంది. మిగిలిన సగం పొలం చిన్నమ్మాయి మనోజ్ఞ పేరున ఉంది గనక ఆ ప్రేమ ఇంకా చల్లారలేదు. కిరీటికి మనోజ్ఞని అనుకున్నారు. గట్టు దాటి సెంటు భూమి బయటికి పోకుండా రెండు పెళ్లిళ్లతో కంచె వేశారు. ఆ కంచె లోపల ఇంకేమేం మిగిలిపోతుందో చూసుకునే తీరిక వాళ్లకి లేదు.

రెండేళ్ల కిందట చిన్నికి గోళ్లు పెళుసుబారి గుంటలు పడ్డాయి. నాలుక మీద తెల్లటి పూత ఎన్ని మందులు రాసినా పోలేదు. పలక పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. విజయవాడలో చూపిస్తే నలుగురి కంట్లో పడుతుందని హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం వచ్చి పిల్లలో కలిసింది. ఒంటిని కాపాడాల్సిన బలగమే ఒంటి మీద పడుతోంది. స్కానింగ్‌లో ప్లీహం ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోయి కనిపించింది.

"రక్తంలో పడ్డ క్రిముల్ని వడగట్టేది ప్లీహమేనండీ. మీ పాపకి అది ఉన్నా లేనట్టే. టీకాలన్నీ వేయించాలి. రోజూ ఈ మాత్ర మానకూడదు. జ్వరమొస్తే ఇంట్లో ఉంచుకుని చూద్దామనేది ఇక లేదు, వెంటనే ఆస్పత్రికి రావాలి. మచ్చలు తేలితే గాజు గ్లాసు పెట్టి నొక్కి చూడండి. గ్లాసు కింద కూడా మచ్చ అలాగే కనబడితే ఇంకేం ఆలోచించొద్దు, పరిగెత్తండి" అన్నాడు. తర్వాత అడిగాడు. "మీది దగ్గర సంబంధమా?"

డాక్టరు పేరు చూసి మనవాళ్లబ్బాయేనని రత్తయ్య అప్పటికే పసిగట్టాడు. మనవాళ్ల చెవిన పడిందంటే కృష్ణా జిల్లా అంతా పడ్డట్టే.

"అబ్బే, బయట సంబంధమండీ" అన్నాడు.

చక్రి గోడ మీద క్యాలెండరు చూశాడు. సాయిశ్రీ చెప్పు కొస చూసుకుంది. డాక్టరు నమ్మలేదు. ఇంట్లో ఇంకెవరికైనా మేనరికం అనుకుంటుంటే ముందు ఇద్దరికీ పరీక్ష చేయించండని మాత్రం చెప్పి పంపాడు. సూర్యాపేట రాకముందే కారులో తీర్మానం అయిపోయింది. ఈ మాట కారు దిగకూడదు. సాయిశ్రీ కూడా తలూపింది. ఆమె తలూపడం ఆ ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా గమనించే విషయం కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఊపుతూనే ఉంది.

మొదటి టీకా హైదరాబాద్‌లోనే వేశారు. మిగిలినవి ఇక్కడ వేయించాలి. కాని పటమటలో పిల్లల డాక్టరు రత్తయ్య బావమరిది తోడల్లుడి అల్లుడు. ఈ టీకా ఈ వయసులో ఎందుకని అతను అడుగుతాడు. అడిగితే చెప్పాలి. అందుకని మానేశారు. డబ్బులేక కాదు. వన్ టౌన్‌లో వాళ్లది రెండంతస్తుల హోల్‌సేల్ బట్టల దుకాణం. వాళ్ల కుక్కకి ఒక్క టీకా కూడా తప్పలేదు, డాక్టరు ఇంటికే వచ్చి వేసి వెళ్తాడు. రోజూ మింగాల్సిన మాత్ర కూడా ఆర్నెల్లకి ఆగింది. ఎవరైనా చుట్టాలు చూసి ఎందుకని అడుగుతారేమోనని, పైగా పిల్ల బాగానే ఉంది కదా అని.

రోగాల్లో పరువైనవి ఉంటాయి, పరువు తక్కువవి ఉంటాయి. షుగరు పరువైనది, పెళ్లి భోజనాల దగ్గర పక్కవాడిని నీకెంతుందని అడిగి నాకింతుందని చెప్పుకుంటారు. స్టెంటు మరీ పరువైనది. అమ్మవారైతే సరేసరి, దణ్ణాలు వస్తాయి. రక్తంలో పుట్టుకతో వచ్చిన లోపానికి మాత్రం ఈ ఇంట్లో చోటు లేదు. అందుకే తొమ్మిదేళ్ల పిల్ల ఊదారంగు మచ్చలతో వణుకుతుంటే, ఇంత చదువూ ఇంత డబ్బూ ఉన్న మనుషులు వేపాకు వెనక దాక్కున్నారు. ఇలాంటి వాళ్లని పెద్దమనుషులంటారు.

సాయిశ్రీ వంటింట్లోంచి గాజు గ్లాసు తెచ్చింది. పిల్ల తొడ మీద మచ్చ మీద ఆనించి నొక్కింది. చుట్టూ చర్మం తెల్లబారింది. మచ్చ కదల్లేదు. చోటు మార్చి నొక్కింది. అదీ అంతే. పొద్దున చిక్కుడుగింజంత ఉన్న మచ్చ ఇప్పుడు రూపాయి బిళ్లంత అయింది. పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి, నుదురు మాత్రం కాలిపోతోంది.

హాల్లో చక్రి ఫంక్షన్ హాలు వాళ్లతో ఫోన్లో బేరమాడుతున్నాడు, అడ్వాన్సులో సగమైనా వెనక్కివ్వమని.

"బావా, ఇది అమ్మవారు కాదు. నొక్కితే మచ్చ పోవట్లా. ఆ డాక్టరు చెప్పింది గుర్తులేదా నీకు?"

చక్రి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "మధ్యాహ్నం దాకా చూద్దామంటన్నాడు నాన్న."

"మధ్యాహ్నం దాకా పిల్ల ఉండాలిగా!"

"అట్టాంటి మాటలు మాట్లాడకు సాయీ. ఇప్పుడు ఆస్పత్రికెళ్తే ఏవైందని అందరూ అడుగుతారు. మీ నాన్నకేం చెప్తాం? రెండేళ్లు దాచి ఇప్పుడు చెప్తే ఊరుకుంటాడా? మనోజ్ఞ సంబంధం ఉంటదా?"

"నీ కూతురు బావా అది."

"నాకు తెలవదా?" అన్నాడు చక్రి. తెలిసినట్టే అన్నాడు. మళ్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

సాయిశ్రీ అతన్ని చూస్తూ నిలబడింది. భయం పోయి ఒంట్లో ఏదో రోత పుట్టింది. ఈ మనిషినా చిన్నప్పట్నుంచీ బావా బావా అని పిలిచిందీ! గోడకున్న మేకు చూసింది. కారు తాళం అక్కడ లేదు. రత్తయ్య లుంగీ మడతలో ఉంది.

గదిలోకి వెళ్లి చిన్నిని దుప్పటితో సహా ఎత్తి భుజాన వేసుకుంది. పిల్ల జుట్టులోంచి వేపాకులు రాలాయి. సీతారావమ్మ కెవ్వుమని గుమ్మానికి అడ్డం వచ్చింది.

"తల్లిని గడప దాటిస్తావా? ఇంటికి అరిష్టం తెస్తావా?"

"తప్పుకోండి అత్తయ్యా."

రత్తయ్య సోఫాలోంచి లేవలేదు. అరవనూలేదు. దుకాణంలో బేరం తెగేటప్పుడు మాట్లాడే గొంతుతో అన్నాడు.

"అమ్మాయ్, ఒక్క నిమిషం ఆలోచించుకో. నీ చెల్లెలి పెళ్లి ఇప్పుడు నీ చేతుల్లో ఉంది."

"అదే ఆలోచిస్తన్నా మావయ్యా."

సాయిశ్రీ భుజం తగిలి సీతారావమ్మ పక్కకి జరిగింది. గుమ్మానికి కట్టిన వేపతోరణం సాయిశ్రీ తలకి చుట్టుకుంటే, ఒక చేత్తో లాగి కింద పడేసింది.

లిఫ్టు దగ్గర తెరేసమ్మ కూర్చుని ఉంది. ఆ ఇంట్లో అంట్లూ గుడ్డలూ ఆమె పనే. చర్చికెళ్లే మనిషి లోపలికొస్తే తల్లికి గిట్టదని ఆ రోజు పొద్దున్నే బయట కూర్చోబెట్టారు. అంట్లు మాత్రం గుమ్మం బయట పెట్టి కడిగించుకున్నారు. పిల్లని చూసి ఆమె గబుక్కున లేచింది.

"ఏంటమ్మా ఇది, కాళ్లట్టా నల్లబడినయ్యేంటి?"

"ఆటో కావాలి తెరేసమ్మా."

"పదండి. మా తమ్ముడు కింద సందులోనే ఉంటాడు."

ఆటోలో బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డెక్కేసరికి చిన్ని కళ్లు తెరిచింది. "అమ్మా, నా కాళ్లు నా కాళ్లలాగ లేవు" అంది. సాయిశ్రీ ఆ పాదాలని పమిటలో చుట్టి పొట్టకి అదుముకుంది. ఏడవలేదు. ఏడుపు రెండేళ్ల కిందట సూర్యాపేట దగ్గర రావాల్సింది.

ఆస్పత్రి అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు జయంత్ కుర్రవాడు. ఆమె ఒకే మాట చెప్పింది. "మా పాపకి ప్లీహం పనిచేయదండీ, రాత్రి నుంచి జ్వరం." అప్పటికే అతని చెయ్యి పిల్ల మణికట్టు మీద ఉంది. నర్సుని కేకేశాడు. సూదీ సెలైనూ మందుల పేర్లూ గబగబా చెబుతూనే ఆమెని అడిగాడు.

"రాత్రి నుంచా? ఇప్పటిదాకా ఏం చేశారు?"

"వేపాకులు పెట్టామండీ."

అతను తలెత్తి ఒకసారి ఆమెని చూశాడు.

"టీకాలు?"

"ఒక్కటే వేయించాం."

"రోజూ వాడే మాత్ర?"

"మానేశాం."

తిట్టడానికి అతనికి తీరిక లేదు. తిట్టి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది. తలుపులు మూసుకున్నాయి.

అరగంట తర్వాత మిగతా కుటుంబం కారులో దిగింది. సీతారావమ్మ చేతిలో పసుపు పొట్లం. వెనక ఇంకో కారులో రామకోటేశ్వరరావూ మనోజ్ఞా. పిల్లని ఆస్పత్రికి తెచ్చారని వాచ్‌మన్ నుంచి వాళ్లకి కబురందింది. మనోజ్ఞ రెండు చేతులకీ మోచేతుల దాకా గోరింటాకు ఎర్రగా పండి ఉంది. "అక్కా, చిన్నికేమైందే?" అంటూ పరిగెత్తుకొచ్చి అక్క చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. సాయిశ్రీ నోరు విప్పేలోగా వరండా చివర్నుంచి ఎవరో పలకరించారు. వన్ టౌన్‌లో రత్తయ్య దుకాణానికి ఎదురు దుకాణమాయన.

"ఏంటి రత్తయ్య గారూ, ఇట్టా వచ్చారు? ఇంట్లో తల్లి అని మెసేజి చూశానే?"

"అమ్మవారు అనుకున్నామండీ. తీరా చూస్తే డెంగ్యూ. ప్లేట్‌లెట్లు పడిపోయినయ్" అన్నాడు రత్తయ్య. తడుముకోలేదు. పొద్దున దేవత అయిన జబ్బు మధ్యాహ్నానికి దోమ అయింది. సాయంత్రానికి ఇంకేదైనా కావచ్చు, అదొక్కటి తప్ప. సీతారావమ్మ కూడా పసుపు పొట్లం చెంగులో దాచి, "ఈ మున్సిపాలిటీ వాళ్లు మందు కొట్టి చస్తేగా" అని తిట్టింది.

తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది. "చిన్ని తాలూకు ఎవరండీ? కొన్ని వివరాలు కావాలి. పాప అమ్మానాన్నలది దగ్గర సంబంధమా?"

"కాదమ్మా, బయట సంబంధం" అన్నాడు రత్తయ్య.

అదే మాట. అదే గొంతు. చక్రి గోడ మీద చూడ్డానికి క్యాలెండరు కోసం వెతికాడు. సాయిశ్రీ లేచి నిలబడింది.

"కాదు సిస్టర్. మేనరికం. ఈయన మా మేనత్త కొడుకు."

"అమ్మాయ్!" అని గదమాయించాడు రత్తయ్య.

"పాపకి డెంగ్యూ కాదు, అమ్మవారూ కాదు. పుట్టుకతో వచ్చిన జబ్బు. మా ఇద్దరి నుంచీ వచ్చింది. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో చెప్పారు. ఇప్పుడు మా చెల్లిని మా మరిదికి ఇస్తన్నారు. ముందు వాళ్లిద్దరికీ పరీక్ష చేయించమని కూడా చెప్పారు. ఇది కూడా రాసుకోండి సిస్టర్."

గొంతు తగ్గించలేదు. ఎదురు దుకాణమాయన ఉన్నపళంగా తన ఫోన్లో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. సీతారావమ్మ తమ్ముడి వైపు చూసింది. రామకోటేశ్వరరావు మొహం ఎర్రబడింది. అక్కని నిలదీస్తాడని సాయిశ్రీ అనుకుంది. కనీసం మనవరాలు బతుకుతుందా అని అడుగుతాడనుకుంది.

"ఇక్కడ వద్దక్కా, కారులో కూర్చుని మాట్లాడుకుందాం. నలుగురూ వింటన్నారు" అన్నాడు ఆయన.

ఆయన కూడా ఆ తానులో ముక్కే. సాయిశ్రీకి నవ్వొచ్చినంత పనైంది. ఇన్నాళ్లూ ఎవరికి తెలిస్తే కొంప మునుగుతుందని దాచారో, ఆయనకి తెలిసింది. కొంప మునగలేదు. ఆయనకి కావాల్సింది కూడా మూసిన కారు అద్దాలే.

మనోజ్ఞ మాత్రం అక్కనే చూస్తోంది.

"నీకు రెండేళ్ల నుంచి తెలుసా అక్కా?"

"తెలుసు."

"నాకు చీరలు సెలెక్ట్ చేయడానికి కూడా వచ్చావు కదే."

మనోజ్ఞ చెయ్యి అక్క చేతిలోంచి తీసేసుకుంది.

జయంత్ తలుపు సందులోంచి పిలిచాడు. "అమ్మగారు లోపలికి రండి. మందులు మొదలుపెట్టాం. బీపీ నిలబడట్లేదు. కాలివేళ్లకి రక్తం అందట్లేదు. ఇప్పుడే ఏం చెప్పలేను. రాత్రే వచ్చుంటే..." అని ఆగిపోయాడు.

సీతారావమ్మ చెంగులోంచి పసుపు పొట్లం తీసి కోడలి చేతిలో పెట్టబోయింది. "దిండు కింద పెట్టవే. ఎవరికీ కనబడదులే."

సాయిశ్రీ చెయ్యి ముడిచి లోపలికెళ్లిపోయింది. పొట్లం నేల మీద పడి కొంచెం పసుపు చిందింది. ఎవరైనా చూశారేమోనని సీతారావమ్మ చెప్పుతో దాన్ని బెంచీ కిందికి నెట్టింది.

"పదమ్మా మనోజ్ఞా, ఇంటికెళ్దాం. ఇక్కడ నువ్వెందుకు?" అన్నాడు రామకోటేశ్వరరావు.

మనోజ్ఞ తలుపుకున్న గాజు పలకలోంచి లోపలికి చూసింది. చిన్ని మొహం గొట్టాల వెనక సరిగా కనబడటం లేదు. అక్క మంచం చివర నేల మీద మోకాళ్లేసుకుని, ఊదారంగు తిరిగిన చిన్న పాదాలని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతోంది. ఆపడం లేదు.

మనోజ్ఞ వెనక్కి తిరిగి నర్సు బల్ల దగ్గరికి వెళ్లింది.

"సిస్టర్, మా అక్క చెప్పిన ఆ పరీక్ష ఇక్కడ చేస్తారా?"

"ఇక్కడ చెయ్యరమ్మా. రక్తం తీసి హైదరాబాద్ పంపాలి. డాక్టరు గారు రాయాలి, చాలా రోజులు పడుద్ది."

"ఆయన్ని అడిగి రండి. నేను ఇక్కడే ఉంటాను."

"ఏం పనే అది? నలుగురిలో! ముందు ఇటు రా" అన్నాడు తండ్రి. "మనోజ్ఞా, నా మాట విను తల్లీ" అంది మేనత్త. రత్తయ్య కిరీటికి ఫోను కలిపి, ఆమె చెవి దగ్గర పెట్టబోయాడు.

మనోజ్ఞ ఫోను వైపు చూడలేదు. గాజులు మోచేతి మీదికి నెట్టుకుని, గోరింటాకు పండిన చేతిని బల్ల మీద చాపి, అలాగే ఉంచింది.